ఫ్యాక్టరీ మూతపడిన ఏడాది: ఒక సంఘం కేస్ స్టడీ

ఈ కేసులో నా దగ్గరికి వచ్చిన క్లయింట్ ఒక క్రైస్తవ సంఘం. నేను చేసేది కౌన్సెలింగ్. ఆత్మీయుల్ని పోగొట్టుకున్నవాళ్ళు, ఉద్యోగం పోయినవాళ్ళు, అప్పుల టెన్షన్‌తో నిద్ర పట్టనివాళ్ళు వస్తుంటారు. మామూలుగా ఒక మనిషో, ఒక కుటుంబమో వస్తుంది. ఈసారి పాస్టర్ గారే ఫోన్ చేశారు. "మా వాళ్ళలో సగం మందికి ఒకేసారి దెబ్బ తగిలిందండీ. ప్రార్థనలు చేస్తున్నాం, ఇళ్ళకు వెళ్తున్నాం, చేతనైనంత సాయం చేస్తున్నాం. అయినా ఒక్కొక్కరే దూరమైపోతున్నారు. ఎక్కడ లోపముందో మీరొచ్చి చూస్తారా?" అన్నారు.

నేను ఆ సంఘ సభ్యురాలిని కాను. దాని వల్ల మేలే జరిగింది. పెద్దల ముందు చెప్పలేని మాటలు చాలామంది నాతో చెప్పుకున్నారు. కుటుంబాల అనుమతి తీసుకుని, గుర్తుపట్టే వివరాలు మార్చి ఇది రాస్తున్నాను.

అరవై పైచిలుకు కుటుంబాల చిన్న సంఘం. సంపాదించేవాళ్ళలో ఎక్కువ మంది ఒకే ఫ్యాక్టరీలో పనిచేసేవారు. అది మూతపడింది. ఆ తర్వాత కొద్ది వారాల్లోనే, నలభై అయిదు దాటని ఒక సభ్యుడు గుండెపోటుతో పోయాడు. భార్య, పదో తరగతి చదివే కొడుకు, చిన్న కూతురు, మంచం పట్టిన తల్లి మిగిలారు. ఇంకోపక్క, ఏళ్ళ తరబడి సంఘానికి ట్రెజరర్‌గా ఉన్న పెద్దమనిషి ఆదివారం ఆరాధనకు రావడమే మానేశారు. పాస్టర్ గారిని ఎక్కువ కలవరపెట్టింది ఈ రెండో సంగతే. "చనిపోయిన ఇంటికి ఏం చేయాలో మాకు తెలుసు. ఈయనకు ఏమైందో తెలియడం లేదు" అన్నారు. చనిపోయిన ఇంటికి ఏం చేయాలో కూడా వాళ్ళకు పూర్తిగా తెలియదని తర్వాత బయటపడింది.

కాగితం మీద పెట్టి చూస్తే

సంఘం చేస్తున్నది తక్కువేమీ కాదు. శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకోసారి రాత్రి ప్రార్థన, స్త్రీల సమాజం తరఫున సరుకుల పంపిణీ, ఆదరణ కూడికలు అన్నీ నడుస్తున్నాయి. నేను అడిగింది ఒక్కటే. గత రెండు నెలల్లో ఎవరి ఇంటికి ఎవరు, ఎప్పుడు వెళ్ళారో గుర్తున్నంతవరకు ఒక కాగితం మీద రాయమన్నాను. పాస్టర్ గారు, ఆయన భార్య, ముగ్గురు పెద్దలు కూర్చుని రాశారు. ఎవరూ ఎవర్నీ తప్పు పట్టకుండా రాయాలన్నది నా షరతు.

భర్త పోయిన ఆమె ఇంటి వరుసలో మొదటి పది రోజులు గడులు పట్టనన్ని పేర్లు. అయిదో వారం నుంచి దాదాపు ఖాళీ. ట్రెజరర్ గారి వరుసలో మొదటి నుంచి చివరి దాకా పాస్టర్ గారి పేరొక్కటే. ఒంటరిగా ఉండే ఇద్దరు ముసలివాళ్ళకు ఉద్యోగాలూ లేవు, పోయేవీ లేవు. అందుకే వాళ్ళు ఎవరి లెక్కలోకీ రాలేదు. మందిరానికి దగ్గరగా ఉన్న ఇళ్ళకు మాత్రం మూడేసి సార్లు వెళ్ళారు. ఆ కాగితం చూసి ఒక పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మనం ప్రేమ లేక కాదు, దారి దగ్గరని వెళ్ళాం" అన్నారు. అంతకంటే మంచి రోగ నిర్ధారణ నేనూ చేయలేను.

వాళ్ళ బైబిల్లోనే దీనికి పాత ఉదాహరణ ఉంది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో, రోజువారీ పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్ళను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు మొదలవుతుంది. అపొస్తలులు ప్రేమ మీద మరో ప్రసంగం చేయలేదు. ఏడుగురిని ఎంచుకుని ఆ పని అప్పగించమన్నారు. పేర్లతో, బాధ్యతతో చేసిన ఏర్పాటు అది. క్రీ.శ. 251 ప్రాంతంలో రోము బిషప్ కొర్నేలియస్ రాసిన ఒక లేఖను చరిత్రకారుడు యూసేబియస్ భద్రపరిచాడు. ఆ ఒక్క నగర సంఘమే 1,500 మందికి పైగా విధవరాళ్ళను, కష్టాల్లో ఉన్నవాళ్ళను పోషిస్తోందని అందులో ఉంది. పట్టిక లేకుండా, లెక్క లేకుండా అంతమందిని సాకడం అయ్యే పని కాదు. పద్ధతి పెట్టుకుంటే ఆత్మీయత తగ్గిపోతుందని భయపడే పెద్దలకు నేను ఈ రెండు సంగతులూ చెబుతుంటాను.

ట్రెజరర్ గారు

ఆయన ఇంటికి మొదటిసారి వెళ్ళినప్పుడు మర్యాదగా మాట్లాడారు కానీ ఏమీ చెప్పలేదు. రెండోసారి ఆయన భార్య లోపలికి వెళ్ళాక నోరు విప్పారు.

ఫ్యాక్టరీ మూతపడిన రెండో నెలలో, ఆరాధన మధ్యలో కానుకల సంచి వరుసలో చేతులు మారుతూ ఆయన దగ్గరికి వచ్చింది. జేబులో ఏమీ లేదు. "ఖాళీ పిడికిలి లోపల పెట్టి తీశాను మేడమ్. పక్కనున్నాయనకు తెలియదు. ఆరాధన అయ్యాక ఆ సంచి లెక్కపెట్టింది కూడా నేనే. పదిహేనేళ్ళుగా లెక్కపెడుతున్నాను, చేతులు వణకడం అదే మొదటిసారి." తర్వాతి ఆదివారం తలనొప్పి అన్నారు. ఆపై వారం కారణం చెప్పడం కూడా మానేశారు.

సంఘం ఆయన్ను ఆధ్యాత్మికంగా చల్లారిపోయినవాడి కింద జమకట్టింది. నాకు కనిపించింది వేరు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ, బరువు తగ్గడం, పేపర్ కూడా చదవబుద్ధి కాకపోవడం, గంటల తరబడి కిటికీ పక్కన కూర్చోవడం. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అది నిజం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా స్పష్టంగానే చెబుతోంది. ఆయన కాసేపు ఆగి, "నేను పోతే ఇన్సూరెన్స్ డబ్బు ఎంతొస్తుందో లెక్క వేసుకున్నాను" అన్నారు. ఆ మాట విన్నాక ఆ వారం మిగతా పనులన్నీ పక్కన పెట్టాం. భార్యకు విషయం తెలిసేలా ఆయన చేతే చెప్పించాం. మందులు, పురుగుమందు లాంటివి అందుబాటులో లేకుండా చూశాం. సైకియాట్రిస్ట్ అపాయింట్‌మెంట్‌కు నేనూ వెంట వెళ్ళాను. డిప్రెషన్ అని తేల్చి మందులు మొదలుపెట్టారు.

ఆయనకు నమ్మకమున్న ఇద్దరు సంఘ సభ్యులను ఆయన్నే ఎంచుకోమన్నాను. వాళ్ళలో ఒకరు ఉదయం, ఒకరు సాయంత్రం ఫోన్ చేసేవారు. ఆ ఇద్దరికీ చెప్పింది తక్కువే: నిద్ర పట్టిందా, తిన్నారా, మాత్ర వేసుకున్నారా అడగండి, వాక్యం ఆయన అడిగితేనే చెప్పండి. ఇందులో ఒకాయనకు ఇది రుచించలేదు. పాస్టర్ గారు ఆయనకు 1 రాజులు 19వ అధ్యాయం చూపించారు. ప్రవక్త ఏలీయా చచ్చిపోవాలని కోరుకుని చెట్టు కింద పడుకుంటే, దూత తట్టి లేపి చెప్పిన మొదటి మాట లేచి తినమని. తిని, తాగి, మళ్ళీ పడుకున్నాడు. దూత రెండోసారీ వచ్చి తినమనే చెప్పాడు. దేవుడి ప్రశ్న ఆ తర్వాత, చాలా దూరం నడిచాక వస్తుంది.

మందుల విషయంలో ఒక గొడవ వచ్చింది. విశ్వాసం ఉన్నవాడికి మాత్రలెందుకని ఒక పెద్దాయన నేరుగా ఆయనతోనే అనేశారు. ఆయన రెండు రోజులు మందు ఆపేశారు కూడా. పాస్టర్ గారు ఎవరి పేరూ ఎత్తలేదు. ఆ ఆదివారం ప్రసంగం మధ్యలో జేబులోంచి తన బీపీ మాత్రల షీటు తీసి చూపించి, "ఇవి వేసుకునే నేను ఈ వాక్యం చెబుతున్నాను" అని మళ్ళీ ప్రసంగంలోకి వెళ్ళిపోయారు. నేను గంట క్లాసు చెప్పినా రాని ఫలితం అందులో వచ్చింది. తర్వాతి వారంలో మరో ఇద్దరు నిద్ర గురించి, భయం గురించి మాట్లాడటానికి నా దగ్గరికి వచ్చారు.

మందు మనిషిని కొంతవరకే లేపుతుంది. ఉద్యోగం పోయినవాడికి జీతంతో పాటు ఇంకేం పోతుందో బాగా పట్టుకున్న పాత అధ్యయనం ఒకటుంది. ఆస్ట్రియాలో వియన్నా దగ్గర మారియెన్‌థాల్ అనే ఊళ్ళో 1929-30లో బట్టల మిల్లు మూతపడి ఊరంతా నిరుద్యోగంలో పడింది. సామాజిక మనస్తత్వవేత్త మారీ యహోడా బృందం అక్కడ పరిశీలన చేసి 1933లో ప్రచురించింది. మగవాళ్ళ నడక నెమ్మదించింది, వీధిలో మాటిమాటికీ ఆగిపోయేవారు. చేతి నిండా తీరిక ఉన్నా లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసుకోవడం పెరగలేదు, తగ్గింది. పొద్దుట్నుంచి ఏం చేశావంటే చెప్పలేకపోయేవారు. పని మనిషికి జీతంతో పాటు రోజుకొక ఆకారాన్నీ, నలుగురితో పొత్తునూ, తన అవసరం ఉందన్న నమ్మకాన్నీ ఇస్తుందని యహోడా తర్వాత వివరించింది. స్థానిక సంఘం జీతం ఇవ్వలేదు. ఈ మిగతా మూడూ మాత్రం ఇవ్వగలదు, ఆదివారం తప్పకుండా వస్తుంది కాబట్టి.

ట్రెజరర్ గారికి కాస్త నిద్ర కుదిరాక పాస్టర్ గారు ఆయన దగ్గరికి పని పట్టుకెళ్ళారు. ఊరికే వ్యాపకం కోసం కల్పించిన పనైతే ఆయన కనిపెట్టేసేవారు. మూతపడిన ఫ్యాక్టరీ నుంచి కార్మికులకు రావాల్సిన బకాయిల లెక్కలు ఎవరికీ అర్థం కావడం లేదు. ఎవరికెంత రావాలి, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలి అన్నది తేల్చడం నిజంగా అవసరమైన పని. శనివారం సాయంత్రం మందిరం పక్క గదిలో ఒక టేబుల్, ఆయన, ఆయన పాత లెడ్జర్. సంఘంలో లేనివాళ్ళు కూడా వచ్చి కూర్చునేవారు. కొన్ని వారాలకు ఆయన శనివారం సాయంత్రం కోసం శుక్రవారం నుంచే కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారని ఆయన భార్య చెప్పింది. నాకు ఆ కబురు మందుల మోతాదు తగ్గించారన్న కబురు కన్నా పెద్దది.

కానుక పెట్టె, వాట్సాప్ ఫొటోలు

సంచి సంగతి పెద్దల ముందు ఎవరి పేరూ లేకుండా పెట్టాను. ఇలా ఖాళీ పిడికిలి పెట్టేవాళ్ళు ఒక్కరే ఉండరని నాకు తెలుసు. సంచి తిప్పడం ఆపి, తలుపు దగ్గర ఒక పెట్టె పెడదామన్నది ప్రతిపాదన. వారాల తరబడి వాదన నడిచింది. కానుక ఆరాధనలో భాగమని, పెట్టె పెడితే ఇచ్చేవాళ్ళు కూడా ఇవ్వరని పెద్దల భయం. ఆ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు, అది నిజమైన ఆలోచనే. చివరికి పెట్టె తలుపు దగ్గర పెట్టి, ఆరాధనలో దాన్ని ముందుకు తెచ్చి ప్రార్థన చేసే పద్ధతికి ఒప్పుకున్నారు. కానుకలు తగ్గాయి. ఎలాగూ తగ్గాల్సిన రోజులే కాబట్టి పెట్టె వల్ల తగ్గిందెంతో చెప్పడం కష్టం. ఆదివారం మొహం చాటేసిన కుటుంబాల్లో కొన్ని తిరిగి వచ్చాయి, అది మాత్రం కళ్ళ ముందు జరిగింది.

సరుకుల పంపిణీ ఫొటోలు ఇంకో సమస్య. యవ్వనస్థులు మంచి మనసుతోనే తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు, దూరాన ఉన్న సభ్యులు చూసి డబ్బు పంపుతారని. ఒక ఫొటోలో బియ్యం సంచి పట్టుకున్న కుర్రాడు కెమెరా వైపు చూడకుండా మొహం పక్కకు తిప్పేసుకున్నాడు. ఆ ఫొటో వాడి క్లాసులో ఎవరి ఫోన్‌కో చేరింది. ఆ ఇంటివాళ్ళు ఆ తర్వాత సాయం తీసుకోలేదు. అడిగితే అవసరం లేదన్నారు. అవసరం ఉందని అందరికీ తెలుసు.

అప్పటి నుంచి ఫొటోలు బంద్. సాయం నిధికి నియమాలు రాసుకున్నారు. డబ్బు ఎప్పుడూ ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి. ఎవరికి ఇచ్చారన్నది ముగ్గురికే తెలియాలి. సంఘానికి మొత్తం ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్న లెక్క నెలనెలా చదవాలి, పేర్లు చదవకూడదు. నిధి పాస్టర్ గారొక్కరి చేతిలో ఉండకూడదని పట్టుబట్టింది పాస్టర్ గారే. పౌలు యెరూషలేము కోసం చందా మోసుకెళ్తూ, ఎవరూ వేలెత్తి చూపకుండా మరికొందరిని వెంట పెట్టుకున్న సంగతి 2 కొరింథీ 8లో ఉంది. పాస్టర్ గారు దాన్నే ఆధారం చేసుకున్నారు.

నిధి నుంచి అప్పులు ఇవ్వొద్దని నేను చెప్పాను, ఇస్తే సాయంగానే ఇవ్వాలి. నిధి సంగతి అలాగే నడిచింది. కానీ సభ్యుల మధ్య సొంతంగా నడిచిన అప్పుల జోలికి ఎవరూ వెళ్ళలేకపోయారు. ఒక కుటుంబం ఇంకో కుటుంబానికి ఇచ్చిన అప్పు తిరిగి రాలేదు. ఆదివారం ఒకే మందిరంలో ఎదురెదురు పడలేక అప్పు తీసుకున్నవాళ్ళు వెళ్ళిపోయారు. పాస్టర్ గారు రెండు మూడు సార్లు రాజీ ప్రయత్నం చేశారు. ఈ కేసులో పూర్తిగా విఫలమైన భాగం ఇదే.

"ఆ మాటలు నావి కావు మేడమ్"

భర్త పోయిన మూడో వారంలో ఆమెను స్త్రీల కూడికలో లేపి నిలబెట్టారు. "దేవుడు నిన్నెలా ఆదరించాడో సాక్ష్యం చెప్పమ్మా" అన్నారు. ఆమె లేచి చెప్పాల్సిన మాటలే చెప్పింది. అందరూ ఆమేన్ అన్నారు, కొందరు ఏడ్చారు. ఇంటికి వెళ్ళి గది తలుపు వేసుకుని మర్నాటి సాయంత్రం దాకా బయటికి రాలేదు. "నేను చెప్పిన మాటలు నావి కావు మేడమ్. అందరూ అలాగే చెబుతారు కాబట్టి చెప్పాను. చెబుతుంటే ఆయన ఇంకోసారి పోయినట్టయింది" అంది నాతో.

సాక్ష్యం సంఘానికి ప్రాణం, నేను కాదనను. అది పండే దాకా ఆగాలి. విపత్తుల్లో సాయానికి వెళ్ళేవాళ్ళ కోసం 2011లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శిని చెప్పేది కూడా ఇదే: చూడండి, వినండి, అవసరమైన చోటికి చేర్చండి, జరిగింది చెప్పమని మాత్రం ఒత్తిడి చేయకండి. బైబిల్లో సర్వం పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నేలమీద కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఉన్నంతసేపు మంచి స్నేహితులే. వివరణలు ఇవ్వడం మొదలుపెట్టాకే దేవుడి కోపానికి గురయ్యారు.

ఆమెను నిజంగా తొలిచేస్తున్న ప్రశ్న వేరు. "నేనేం తప్పు చేశానని దేవుడు ఈ శిక్ష వేశాడు?" దీన్ని నేను తేలిగ్గా వదలను. మత విశ్వాసం కష్టంలో ఎలా పనిచేస్తుందో ఎక్కువగా అధ్యయనం చేసిన కెన్నెత్ పర్గమెంట్, ఆయన సహచరులు 2001లో వయసు మళ్ళిన రోగుల మీద ఒక పరిశోధన ప్రచురించారు. దేవుడు నన్ను వదిలేశాడు, శిక్షిస్తున్నాడు అన్న పెనుగులాటలో ఉన్నవాళ్ళలో మరణ ప్రమాదం ఎక్కువగా కనిపించింది. అంటే విశ్వాసం ఎప్పుడూ ఊరటే ఇస్తుందని అనుకోవడానికి లేదు. అదే విశ్వాసం ఒక్కోసారి గాయాన్ని లోతు చేస్తుంది. దేవుడి మీద కోపం వేరు, దేవుడు తన మీద పగబట్టాడన్న నమ్మకం వేరు. మొదటిది ఇంకా మాట్లాడుకుంటున్న బంధం. రెండోదానితో మనిషి లోపల్లోపలే కుంగిపోతాడు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం నా పని కాదు. ఆమె ఒప్పుకుంటే పాస్టర్ గారిని అడుగుదామన్నాను. ఆయన ఏదో ఒక వచనం చెప్పి సర్దుతారేమోనని నాకు లోపల అనుమానమే. ఆయన మాత్రం, "ఎందుకు జరిగిందో నాకు తెలియదమ్మా. శిక్ష అని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపు" అన్నారు. అంతే. రెండు వారాల తర్వాత ఆరాధనలో 88వ కీర్తన చదివించారు. చీకటి అన్న మాటతోనే ముగిసే కీర్తన అది, ఎక్కడా ఊరట కనిపించదు. దాని మీద ప్రసంగం చేయకుండా కాసేపు మౌనంగా ఉండమన్నారు. కీర్తనల గ్రంథంలో దాదాపు మూడో వంతు ఇలాంటి మొరలే అయినా ఆదివారాల్లో మనకు వినిపించేవి చాలా తక్కువ. ఆ రోజు వెనక వరుసలో ఒక ముసలాయన భోరుమన్నాడు. ఎప్పుడో పోయిన కొడుకు కోసం ఆయన ఏడవడం ఎవరూ చూడలేదట.

ఇల్లు గడవడం ఇంకో పోరాటం. భర్త కంపెనీ నుంచి రావాల్సిన డబ్బు, బ్యాంకు కాగితాలు, బీమా క్లెయిమ్, అత్తగారి మందులు. రిటైరైన ఒక బ్యాంకు ఉద్యోగిని, చదువుకున్న ఒక అమ్మాయి ఈ ఇంటి కాగితాల పని తీసుకున్నారు. ఆఫీసులో క్యూలో ఆమె పక్కన నిలబడటం కూడా అందులో భాగమే. లండన్‌లో 1953లో చాడ్ వారా అనే ఆంగ్లికన్ పాస్టర్ ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ళ కోసం ఫోన్ సేవ మొదలుపెట్టినప్పుడు, ఆయన కోసం బయట ఎదురుచూసేవాళ్ళకు టీ ఇచ్చి కూర్చోబెట్టడానికి మామూలు వాలంటీర్లు ఉండేవారు. వాళ్ళతో మాట్లాడాక చాలామందికి ఆయన్ను కలవాల్సిన అవసరమే లేకపోయింది. ఆయన మొదలుపెట్టిన ఆ సమారిటన్స్ సంస్థ అలా వాలంటీర్ల చేతుల్లోకి వెళ్ళింది. బ్యాంకు క్యూలో ఆ పెద్దావిడతో ఈమె మాట్లాడినన్ని మాటలు నా గదిలో మాట్లాడలేదు. కౌన్సెలర్‌గా కాస్త ఈర్ష్యే కలిగిందనుకోండి.

దుఃఖం మెట్లు మెట్లుగా దిగిపోతుందన్న నమ్మకం సంఘంలో బలంగా ఉంది. ఎవరో మనోవైద్యురాలు క్యూబ్లర్ రాస్ 1969లో రాసిన అయిదు దశల గురించి విని, "ఇప్పుడు మీరు ఏ దశలో ఉన్నారు?" అని ఆమెనే అడిగారు. ఆ దశలు మొదట మరణానికి దగ్గరైన రోగులతో మాట్లాడి రాసినవి. నాకు పనికొచ్చేది పరిశోధకులు స్ట్రోబె, షూట్ 1999లో చెప్పిన నమూనా: మనిషి పోయినవాళ్ళ వైపూ, బతకాల్సిన పనుల వైపూ అటూఇటూ తిరుగుతుంటాడు, అదే ఆరోగ్యం. కూతురి స్కూల్ ఫంక్షన్‌లో ఆమె నవ్వితే అప్పుడే మర్చిపోయిందన్నారు. తర్వాతి ఆదివారం ఏడిస్తే ఇంకా విశ్వాసం కుదరలేదన్నారు. స్త్రీల సమాజం నాయకురాలిని కూర్చోబెట్టి ఇది వివరిస్తే, ఆవిడ తన పద్ధతిలో అందరికీ చెప్పింది: "ఆమె నవ్వినా ఏడ్చినా మీరు నోరు మూసుకోండి."

వారం వారం

చివరికి నిలబడింది ఒక పట్టిక. కష్టంలో ఉన్న ప్రతి ఇంటికీ ఇద్దరి పేర్లు, వాళ్ళు వెళ్ళే వారాలు. మొదటి నెలలో తక్కువ పెట్టించాను, అప్పుడు అందరూ ఎలాగూ వస్తారు. మూడో నెల నుంచి, తర్వాత ఏడాది దాకా ఎక్కువ. పుట్టినరోజు, పెళ్ళిరోజు, చనిపోయిన తేదీ పట్టికలో ముందే రాసి ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 ప్రకారం తీవ్రమైన దుఃఖం ఆరు నెలలు దాటినా రోజువారీ బతుకును అడ్డుకుంటుంటే దాన్ని వైద్య సమస్యగా చూడాలి. పది రోజుల్లో పరామర్శ ముగించిన సంఘానికి ఆరో నెలలో ఏం జరుగుతోందో తెలిసే దారే ఉండదు.

వెళ్ళేవాళ్ళకు చెప్పింది కొంచెమే. ముందు ఫోన్ చేసి వెళ్ళండి. అరగంట దాటి కూర్చోకండి. ప్రార్థన చేయమంటారా అని అడగండి, వద్దంటే వద్దే. లేచేటప్పుడు మళ్ళీ ఏ రోజు వస్తారో చెప్పి ఆ రోజు వెళ్ళండి. పెద్ద ఓదార్పు మాటలకన్నా ఈ చివరిదానికే ఫలితం ఎక్కువ. రాబోయే గురువారం ఎవరో తలుపు తడతారని తెలిసిన మనిషి గురువారం దాకా ఉంటాడు.

ఇంకో నియమం ప్రార్థన విన్నపాల గురించి. మంచి ఉద్దేశంతోనే ఇంటి గుట్టంతా విన్నపం పేరుతో నాలుగు గ్రూపుల్లోకి పాకుతుంది. "ఇది ఎవరెవరికి చెప్పొచ్చు?" అని ముందే అడగడం అలవాటు చేశాం. దీన్ని ఇప్పటికీ కొందరు పాటించరు.

ఏడాదిన్నర అయ్యాక పరిస్థితి ఇది. ట్రెజరర్ గారు చిన్న అకౌంట్స్ ఉద్యోగంలో చేరారు, జీతం పాతదానిలో సగం. డాక్టరు సలహాతో మందులు తగ్గిస్తున్నారు. శనివారం టేబుల్ వదల్లేదు. కానుకల లెక్క మాత్రం ఇంకొకరికి అప్పగించారు, అది ఆయన ఇష్టమే. భర్త పోయిన ఆమె ఒక ఆఫీసులో పనికి వెళ్తోంది. బీమా క్లెయిమ్ ఒకసారి తిరస్కరించారు, అప్పీలు చేశారు, ఇంకా తేలలేదు. ఆమె ఈ మధ్య స్త్రీల కూడికలో ఎవరూ అడగకుండానే మాట్లాడింది. సాక్ష్యం అనలేదు. కొత్తగా భర్త పోయిన ఒకామెను ఇప్పుడప్పుడే లేపి మాట్లాడించొద్దని చెప్పి కూర్చుంది.

కొడుకు విషయంలో నాకు ఇంకా బెంగ ఉంది. తండ్రి పోయిన రోజు నుంచి కనీసం పది మంది వాడి భుజం తట్టి, "ఇక ఇంటికి పెద్దవాడివి నువ్వే" అన్నారు. పదిహేనేళ్ళవాడికి అది ధైర్యం చెప్పడం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. వాడు మందిరానికి రావడం లేదు. యవ్వనస్థుల నాయకుడితో శనివారాలు ఫుట్‌బాల్ ఆడటానికి మాత్రం వస్తాడు. వాడిని ఆదివారం ఎందుకు తీసుకురావని ఆ కుర్ర నాయకుడిని పెద్దలు నిలదీస్తే పాస్టర్ గారు అడ్డుపడ్డారు. ఆట ఆటగానే ఉండనివ్వమన్నారు. పట్టికలో ఆ ఇంటి వరుసలో వాడి పేరు విడిగా చేర్చి, ఎదురుగా ఫుట్‌బాల్ అని రాశారు. నా తర్వాతి ఫాలో-అప్ వాడి పరీక్షలు అయ్యాక.